స్కోరుకార్డులో లేని పేరు

నాచారం నుంచి ఉప్పల్ వైపు వచ్చేవాళ్ళందరికీ స్టేడియం ఫ్లడ్‌లైట్లు తెలిసినవే. మ్యాచ్ రోజు ట్రాఫిక్‌లో ఇరుక్కుని తిట్టుకున్న అనుభవం కూడా మనలో చాలామందికి ఉంది. ఆ మ్యాచ్ స్కోరుకార్డు ఒకసారి తెరిచి చూడండి. ఆటగాళ్ళ పేర్లుంటాయి, అంపైర్ల పేర్లుంటాయి, టాస్ ఎవరు గెలిచారో ఉంటుంది. పిచ్ ఎవరు తయారు చేశారో మాత్రం ఉండదు.

సాహిత్య క్లబ్బు పత్రికలో పిచ్ గోలేంటి అంటారా? కథ చదివేటప్పుడు రచయిత చెప్పకుండా వదిలేసినదాన్ని పట్టుకోవడం మనం నేర్చుకుంటాం కదా. స్కోరుకార్డుని కూడా అలాగే చదవొచ్చు. అందులో కనిపించని గ్రౌండ్స్‌మన్‌ని ఎలా వెతకాలో మూడు దారుల్లో చూద్దాం.

మొదటి దారి: పని చెడిన రోజు

ఉప్పల్‌లో తొలి వన్డే 2005 నవంబర్ 16న, తొలి టెస్ట్ 2010లో జరిగాయి. అంతకుముందు మన ఊళ్ళో టెస్టులు ఫతే మైదాన్‌లో, అంటే ఇప్పటి ఎల్బీ స్టేడియంలో జరిగేవి. అక్కడ 1955లో న్యూజిలాండ్‌పై పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేశాడు. అందరికీ ఆ 223 గుర్తుంది. అన్ని పరుగులకి తగ్గ పిచ్ చేసినాయన ఊసు లేదు.

1969 అక్టోబర్‌కి రండి. మళ్ళీ న్యూజిలాండే. రెండో రోజు ఆట వర్షానికి పోయింది, మర్నాడు విశ్రాంతి దినం. ఆ రోజు పిచ్ మీద గడ్డి కోయించాలి. అంపైర్లు మర్చిపోయారు. తర్వాతి రోజు కోయిద్దామంటే న్యూజిలాండ్ కెప్టెన్ గ్రాహమ్ డౌలింగ్ నిబంధన చూపించి ఒప్పుకోలేదు. పచ్చటి పిచ్ మీద మనవాళ్ళు 89కే ఆలౌట్. చివరి రోజు 268 కొట్టాల్సి ఉండగా 76కి 7 వికెట్లు పోయాయి, అప్పుడు వాన పడింది. తర్వాత ఎండ కాసినా నీళ్ళు తోడే పని నత్తనడక నడిచింది. డౌలింగే స్వయంగా ఆ పనిలో దిగాడు. మ్యాచ్ డ్రా అయింది, సిరీస్ 1-1తో ముగిసింది.

చూశారా? గడ్డి కోయనప్పుడు, నీళ్ళు తీయనప్పుడే గ్రౌండ్ సిబ్బంది చరిత్రలోకి వచ్చారు. నిజానికి గడ్డి విషయంలో మర్చిపోయింది వాళ్ళు కాదు, చెప్పాల్సినవాళ్ళు. మాట మాత్రం అందరికీ కలిపి పడింది. ఇలాంటి ఆధారం దొరికినప్పుడు తప్పు ఎవరిదో విడదీసి చదవాలి.

రెండో దారి: పై అధికారి కేక

గోల్ఫ్‌లోనూ ఇదే కథ. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ మైదానాన్ని 1860ల నుంచి చూసుకున్న ఓల్డ్ టామ్ మోరిస్ నాలుగుసార్లు ఓపెన్ గెలిచినవాడు కాబట్టి పుస్తకాలకెక్కాడు. గడ్డి మీద ఇసుక చల్లితే బాగా పెరుగుతుందని ఆయన నమ్మకం. ఇంకా ఇసుక వెయ్యమని హనీమాన్ అనే సహాయకుణ్ణి కేకేసేవాడని చెప్పుకుంటారు. హనీమాన్ పేరు ఈ రోజు మనదాకా వచ్చిందంటే ఆ కేక వల్లే. కాబట్టి పెద్దవాళ్ళ జ్ఞాపకాలు చదివేటప్పుడు వాళ్ళు ఎవరికి పని చెప్పారో గమనించండి.

మూడో దారి: చేసిన పని

సివిల్ వాళ్ళకి ప్రాక్టర్ టెస్ట్ గుర్తుందా? మట్టిలో తేమ తక్కువైతే రేణువులు దగ్గరికి రావు, ఎక్కువైతే నీళ్ళే చోటు ఆక్రమిస్తాయి. మధ్యలో ఒక తేమ దగ్గరే మట్టి బాగా గట్టిపడుతుంది. మనం అచ్చులో మట్టి పోసి, సుత్తితో కొట్టి, గ్రాఫ్ గీసి ఆ బిందువు కనుక్కుంటాం. పిచ్ చేసేవాళ్ళు బొటనవేలితో నొక్కి చూసి రోలర్ ఎప్పుడు ఎక్కించాలో చెబుతారు. బంకమట్టి ఎక్కువుంటే ఎండాక పగుళ్ళిస్తుంది, బంతి తిరుగుతుంది. గడ్డి ఎంత ఉంచాలి, నీళ్ళు ఎప్పుడు ఆపాలి, అన్నీ లెక్కే.

ఆ లెక్క ఫలితం ఉప్పల్‌లో 2024లో చూశాం. జనవరి టెస్టులో స్పిన్నర్ టామ్ హార్ట్‌లీ 62 పరుగులకి 7 వికెట్లు తీస్తే ఇంగ్లాండ్ 28 పరుగులతో గెలిచింది. మార్చి 27న అదే గ్రౌండ్‌లో సన్‌రైజర్స్ 277, ముంబై 246 కొట్టాయి. ఆ ఐపీఎల్ సీజన్‌కి పిచ్, గ్రౌండ్ అవార్డు ఉప్పల్‌కే వచ్చింది. 50 లక్షల బహుమతి హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ పేరు మీద ప్రకటించారు.

ఇక మన వంతు

ఫతే మైదాన్ కాలంవాళ్ళని వెతకాలంటే పై మూడు దారులూ పట్టాలి. ఉప్పల్ వాళ్ళ సంగతి వేరు, వాళ్ళు మన పక్కనే ఉన్నారు. ఉప్పల్‌లోనో నాచారంలోనో మనం టీ తాగే కొట్టు దగ్గరే కనిపించొచ్చు. మన కాలేజీ గ్రౌండ్‌కి నీళ్ళు పెట్టే పెద్దాయనతో మొదలుపెట్టినా సరే. ముందు అనుమతి అడగండి, పని వేళలో ఇబ్బంది పెట్టకండి. ఈ ప్రశ్నలు వెంట తీసుకెళ్ళండి:

మీ సొంతూరేది? ఈ పనిలోకి ఎలా వచ్చారు? రోలర్ పట్టడం ఎవరు నేర్పారు? మట్టి సిద్ధమైందని మీకు ఎలా తెలుస్తుంది? ఏ మ్యాచ్ ముందు రాత్రి నిద్ర పట్టలేదు? మ్యాచ్ జరిగేటప్పుడు మీరు ఎక్కడ కూర్చుంటారు?

జవాబులు ఆయన మాటల్లోనే, ఆయన యాసలోనే రాయండి. రాసింది ఆయనకి చదివి వినిపించండి. పేరు వేయమంటే అన్నిటికన్నా పైన వేయండి.