ఎర్ర తూటా, నీలి కత్తి

ఇందిరా నగర్,
పుదుచ్చేరి.

చిన్నా,

నిన్న ఫోన్లో సగం మాట్లాడేసరికి అమ్మ నిన్ను భోజనానికి పిలిచింది. మిగతాది ఉత్తరంలో రాస్తున్నాను. ఆటలో చచ్చినచోటే చస్తున్నానని చెప్పి, చివర్లో “నా చేతులు మందం అక్కా” అన్నావు చూడు, ఆ మాట నేను ఒప్పుకోను. నీ చేతులు బాగానే ఉన్నాయిరా. ఆ ఆట కట్టిందే మనసుని రెండు వైపులా లాగడానికి.

నువ్వాడుతున్న అవుట్‌ల్యాండ్‌ని 2011లో ఫిన్లాండ్ వాళ్లు, హెల్సింకీలోని హౌస్‌మార్క్ అనే సంస్థ, చేశారు. రంగు మార్చుకునే ఆలోచనకి మూలం అంతకు పదేళ్ల ముందు జపాన్‌లో ట్రెజర్ అనే సంస్థ చేసిన ఇకరుగా. అది విమానం ఆట. మీట నొక్కితే విమానం తెల్లదవుతుంది, మళ్లీ నొక్కితే నల్లదవుతుంది. తన రంగు తూటాలని మింగేస్తుంది, ఎదుటి రంగు శత్రువుని రెట్టింపు దెబ్బ కొడుతుంది. అవుట్‌ల్యాండ్ వాళ్లు ఈ సూత్రాన్నే ఆకాశం నుంచి దించి, పరిగెత్తి గెంతే మనిషికి ఎరుపు నీలాలుగా తొడిగారు. అక్కడితో ఊరుకోకుండా బిగించారు కూడా. ఇకరుగాలో ఏ రంగుతో కొట్టినా దెబ్బ పడుతుంది. ఇక్కడ ఎర్ర శత్రువుకి నీలంగా ఉంటేనే దెబ్బ తగులుతుంది.

నువ్వు ఎక్కడ పడిపోతున్నావో ఇప్పుడు చూడు. ఎర్ర తూటాలు వస్తున్నాయంటే నువ్వు ఎరుపులో ఉండాలి. ఆ తూటాల మధ్యే ఎర్ర సాలీడు ఉందంటే దాన్ని కొట్టడానికి నీలంలోకి రావాలి. కంటికి కనిపించేది ఒకటే ఎరుపు, చెయ్యాల్సిన పనులు రెండు, అవీ ఒకదానికొకటి ఎదురు. 1935లో స్ట్రూప్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి తికమకనే పరీక్ష చేసి చూపించాడు. “ఎరుపు” అనే మాటని నీలి సిరాతో అచ్చువేసి, సిరా రంగు చెప్పమంటే ఎవరికైనా నోరు తడబడుతుంది. చదవడం వచ్చు కాబట్టే ఆ తడబాటు. కాబట్టి ఆ క్షణంలో నీ వేలు ఆగిందంటే అది మందం కాదు, రెండు జవాబులు ఒకేసారి గుమ్మం దగ్గరికి రావడం.

దీనికి నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను. కొత్త గదిలోకి రాగానే పరిగెత్తకు. తూటాలు తగలని మూల చూసుకుని నిలబడు. ఈ ఆటలో తూటాలు ఇష్టమొచ్చినట్టు రావు, ఒక వరస ఉంటుంది, అదే తిరిగి వస్తుంది. రెండు సార్లు తిరగనిచ్చి ఎక్కడ సందు దొరుకుతుందో చూడు. తరవాత రంగు పేరు పైకి అను. ఇంట్లో వాళ్లు నవ్వితే నవ్వనీ. “ఎరుపు” అంటూ దగ్గరికి వెళ్లు, “నీలం” అని కొట్టు, “ఎరుపు” అని వెనక్కి రా. నోటితో అన్న మాట చేతిని నడిపిస్తుంది. ఒక పని నుంచి ఇంకో పనికి మారేటప్పుడు ఇలా పైకి చెప్పుకుంటే తడబాటు తగ్గుతుందని పరిశోధనల్లో కూడా తేలింది.

ఇంకోటి, గెంతే మీటకీ రంగు మార్చే మీటకీ ఒకే బొటనవేలు వాడుతున్నావేమో చూసుకో. ఎరుపులో గెంతి, గాల్లో ఉండగా నీలానికి మార్చకపోతే కింద నీలి మెట్టు నిన్ను మొయ్యదు. గెంతే వేలు గెంతు మీదే ఉండాలి, రంగు చూపుడు వేలికి అప్పగించు. మొదట ఒక పూట అంతా చేతకానట్టే ఉంటుంది. వదిలెయ్యకు.

ఇక అసలు సంగతి. అవుట్‌ల్యాండ్‌లో ఎరుపు నీలం బాగానే తెలుస్తున్నాయి గానీ, ఫోన్లో ఆడే ఇంకో ఆటలో ఆకుపచ్చ మెట్టూ గోధుమరంగు మెట్టూ ఒకటేలా ఉంటున్నాయన్నావు. నువ్వు మామూలుగా అనేశావు, నేను మాత్రం దాని గురించే ఆలోచిస్తున్నాను. ఇక్కడ నేను చదివేది కళ్ల పరీక్షల చదువే కదా. చిన్న మావయ్య రైలు నడిపే ఉద్యోగానికి వెళ్లి రంగుల పరీక్ష దగ్గర ఆగిపోవడం నీకు గుర్తుండదు, అప్పటికి నువ్వు పసివాడివి. ఎరుపు ఆకుపచ్చల తేడా సరిగా తెలియకపోవడం ఎక్స్ క్రోమోజోమ్ మీద వస్తుంది. అమ్మకి ఏ ఇబ్బందీ లేకుండానే ఆమె ద్వారా కొడుక్కి రావచ్చు. మేనమామ పోలిక అంటారే, ఇందులో అది నిజంగానే ఉంటుంది. నీకు ఉందని నేననడం లేదు, చూపించుకుందాం అంటున్నాను.

పరీక్షకి భయపడాల్సింది ఏమీ లేదు. జపాన్‌కి చెందిన ఇషిహారా అనే డాక్టరు 1917లో తయారుచేసిన పుస్తకం ఉంటుంది. రంగు చుక్కల మధ్య అంకెలు దాగి ఉంటాయి. మొదటి బొమ్మలో 12 అందరికీ కనిపిస్తుంది, ఆ తరవాతి వాటిలోనే తేడా తెలుస్తుంది. ఫోన్లో వెతికి చూసుకోకు, తెర రంగుల్ని మార్చేస్తుంది. మన యానాంలో కుదరకపోతే అమ్మతో కాకినాడ వెళ్లి కంటి డాక్టరుకి చూపించు. తేడా ఉందని తేలినా చదువుకి అడ్డు రాదు. ఏ ఉద్యోగాలకి రంగుల చూపు అడుగుతారో ఇప్పుడే తెలుసుకుంటే, మావయ్యలా చివరి మెట్టు మీద తెలియదు.

ఆటలూ మానక్కర్లేదు. 2016లో వచ్చిన హ్యూ అనే ఆటలో రంగుల చక్రం తిప్పితే వెనక గోడ రంగు మారుతుంది, ఆ రంగు వస్తువులన్నీ అందులో కలిసి మాయమవుతాయి. రంగులే ప్రాణమైన ఆట అది. అయినా రంగుల తేడా తెలియనివాళ్ల కోసం ఒక్కో రంగుకీ ఒక్కో గుర్తు పెట్టారు. ఆ చేసినవాళ్లంటే నాకు చాలా గౌరవం. ఏ ఆట మొదలుపెట్టినా ముందు సెట్టింగుల్లో ఆ వీలుందేమో చూడు. లేకపోతే అది ఆ ఆట లోటు, నీది కాదు.

శనివారం సాయంత్రం నాకు క్లాసులుండవు, ఫోన్ చెయ్యి. ఆట తెరిచి పెట్టుకునే చెయ్యి, ఆ సాలీడు గది ఇద్దరం కలిసి చూద్దాం. డాక్టరు సంగతి అమ్మకి నేనే చెబుతాను.

ప్రేమతో,
అక్క