హైదరాబాదు సిద్దీలు

హైదరాబాదు నగరములో మాసబ్ ట్యాంకునకు సమీపమున ఏసీ గార్డ్స్ అను పేట యొకటి కలదు. ఆ పేరునకు అర్థమేమని అడిగినచో వెంటనే చెప్పగలవారు అరుదు. అది 'ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్' అను మాటలకు కుదించిన రూపము. ఆఫ్రికా ఖండమునకు చెందిన అశ్వికభటుల దళమునకు ఆ పేరుండెడిది. నిజాము ప్రభువుల కాలమున ఆ భటులు అచట నివసించిరి. దళము రద్దయినది, గుర్రములు పోయినవి, భటుల సంతతివారు మాత్రము హైదరాబాదునే తమ ఊరు చేసికొని నిలిచిపోయిరి.

వీరిని సిద్దీలనియు, హబ్షీలనియు పిలుతురు. అరబ్బీ భాషలో 'హబష్' అనగా అబిసీనియా, అనగా నేటి ఇథియోపియా ప్రాంతము. అచటినుండి వచ్చినవారు హబ్షీలు. నగరములోని హబ్సిగూడ, సిద్దిఅంబర్ బజారు అను పేర్లును ఈ జనులనే జ్ఞప్తికి తెచ్చుచున్నవి.

ఈ కథలో మన పాలమూరు సీమకును భాగము కలదు. పూర్వము మహబూబ్‌నగరు జిల్లాలో చేరియుండి, 2016లో వేరు జిల్లాయైన వనపర్తి, నిజాము రాజ్యములోని ప్రసిద్ధ సంస్థానములలో ఒకటి. 19వ శతాబ్ది మధ్యకాలమున దానిని పాలించిన మొదటి రాజా రామేశ్వరరావు తన సేనలో ఆఫ్రికా భటులను చేర్చుకొనెను. ఆయన 1866లో మరణించెను. వనపర్తి ఆఫ్రికా భటులు పిమ్మట నిజాము కొలువునకు చేరిరి. హైదరాబాదు వీధులలో ప్రభువు ఊరేగునపుడు ఆయన చెంత నడచిన అంగరక్షకులలో వారుండిరి. కనుక ఏసీ గార్డ్స్ కథకు ఒక కొస ఆఫ్రికా తీరమున నున్నచో, రెండవ కొస వనపర్తి కోటలో నున్నది.

ఆఫ్రికా జనులు దక్కనునకు వచ్చుట నిజాముల కాలముననే మొదలు కాలేదు. అంతకు కొన్ని శతాబ్దులకు పూర్వమే వర్తకులు వారిని బానిసలుగా ఓడలలో తెచ్చి మన పశ్చిమతీరపు రేవులలో అమ్ముచుండిరి. కొందరు నావికులుగను, సైనికులుగను వచ్చిరి. దక్కను సుల్తానుల కొలువులలో బానిసగా చేరినవాడు తన శక్తిచే సేనానియగుటకు అవకాశముండెను. అట్లు పైకి వచ్చినవారిలో మలిక్ అంబరు అగ్రగణ్యుడు.

మలిక్ అంబరు ఇంచుమించు 1548లో ఇథియోపియాలో జన్మించెను. బాల్యముననే బానిసగా అమ్ముడుపోయి, పలువురు యజమానుల చేతులు మారి, తుదకు అహమ్మదునగరు రాజ్యమునకు చేరెను. క్రమముగా ఆ రాజ్యమునకు సర్వాధికారి యయ్యెను. 1610లో ఖడ్కీ అను నగరమును నిర్మించి, దానికి భూగర్భ కాలువల ద్వారా నీరు తెప్పించెను. ఆ నగరమే పిమ్మట ఔరంగాబాదను పేర ప్రసిద్ధికెక్కి, 1948 వరకు నిజాము రాజ్యములో నుండెను. ఒకనాడు సంతలో వెలకట్టబడిన బాలుడు ఒక మహానగరమునకు పునాది వేసెను!

మొగలు చక్రవర్తి జహంగీరు ఎన్ని సేనలు పంపినను మలిక్ అంబరును అణచలేకపోయెను. ఆ కసితో తన ఆత్మకథలో ఆయన నల్లని మేనివర్ణమును పలుమారు ఎత్తిపొడిచెను. గెలువలేనివాడు ఎదుటివాని గుణమును విడిచి చర్మమును దూషించుట ఎంతటి అల్పత్వము! 1626లో మలిక్ అంబరు మరణించెను. అప్పుడు జహంగీరు కొలువులోని చరిత్రకారుడే, యుద్ధమునను పరిపాలనమునను ఆయనకు సాటి లేరని వ్రాసెను. శత్రువు దూషణ కంటె శత్రువు కొలువులోని ఈ సాక్ష్యమే విలువైనది.

ఇక హైదరాబాదు సిద్దీల విషయము. 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశములో విలీనమయ్యెను. తరువాత నిజాము సేనలు రద్దయ్యెను. తరతరములుగా సైనికవృత్తి తప్ప వేరు జీవనాధారము లేనివారు ఒక్కమారుగా చిన్నచిన్న పనులు వెదకికొనవలసి వచ్చెను. వారు మాటాడునది ఉర్దూ. తినునది ఈ ఊరి అన్నము. వారి పెద్దల సమాధులు ఈ మట్టిలోనే యున్నవి. అయినను ఉంగరములు తిరిగిన జుట్టును, మేని నలుపును చూచి, "మీదే దేశము?" అని అడుగువారు నేటికిని కలరు. ఈ ఊరిలో పుట్టి, ఈ ఊరి బడిలో చదివిన పిల్లవానికి ఆ ప్రశ్న ఎట్లు తోచునో యోచింపుడు. అడిగినవానికది వట్టి కుతూహలము. వినినవానికి, "నీవు మావాడవు కావు" అను తీర్పు.

విచిత్రమేమనగా, హైదరాబాదు సంస్కృతిలో వారి పాలును జనులు సంతోషముతో అనుభవించుచున్నారు. నగరపు పెండ్లి ఊరేగింపులలో మ్రోగు మర్ఫా వాద్యము, యెమెను సీమనుండి వచ్చి బార్కస్‌లో స్థిరపడిన అరబ్బులును, ఈ సిద్దీలును కలిసి పెంచిన కళ. మతభేదము లేక హైదరాబాదువారు ఆ దరువునకు చిందులు వేయుదురు. వాద్యము మనది, వాయించువాడు మాత్రము పరాయివాడు అనుట న్యాయమా?

వర్ణవివక్ష యొక్క బాధ మనకు తెలియనిది కాదు. 1893లో దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గు స్టేషనులో, మొదటి తరగతి టిక్కెట్టు చేతనున్నను, తెల్లవాడు కాడను కారణముచే గాంధీజీని రైలునుండి దింపివేసిరి. ఆ దేశములోని భారతీయులకు జరుగుచున్న అన్యాయమును 1946లో మన దేశము ఐక్యరాజ్యసమితి ముందుంచెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 15వ అధికరణములో మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము అను కారణములచే పౌరులయెడ వివక్ష చూపరాదని శాసించినది. జాతివివక్షను రూపుమాపుటకై 1965లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడికను మన దేశము 1968లో ధ్రువీకరించినది. సిద్దీల పేరును 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వెనుకబడిన తరగతుల జాబితాలో చేర్చినది. చట్టము తన పని తాను చేసినది. కాని వీధిలో మనము పలుకు మాటను, ఇల్లు అద్దెకిచ్చునపుడు మనము చూపు ముఖమును చట్టము దిద్దలేదు. చదువుకొరకు హైదరాబాదునకు వచ్చు ఆఫ్రికా విద్యార్థులకు సయితము ఈ చిక్కులు తప్పుటలేదు.

పాలమూరు, నల్లగొండ బిడ్డలగు మీరు ఈ సంగతిని మరింత సులభముగా గ్రహింపగలరు. మన మెట్టసీమలలో వానలు తప్పిన యేడు వేలాది కుటుంబములు మూటముల్లె కట్టుకొని దూరదేశములకు పోయెడివి. దేశములోని ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు పాలమూరు కూలీలు మట్టి మోసిరి. పోయినచోట వారికి సొంతపేర్లు లేకపోయెను. అందరును 'పాలమూరు లేబరు' అయిరి. వారి యాసను వెక్కిరించినవారును కలరు. ఆ మాటలు మన పెద్దలకెట్లు తగిలెనో, నల్లవాడను పిలుపు ఏసీ గార్డ్స్ బాలునకు అట్లే తగులును. వలసపోయిన మనవారిని అచటివారు గౌరవింపవలెనని కోరుకొను మనము, మన నగరమునకు వలసవచ్చినవారి మనుమలను గౌరవింపకుండుట తగునా?

మీరెప్పుడైన హైదరాబాదునకు పోయినపుడు ఏసీ గార్డ్స్ మీదుగా వెళ్లుట తటస్థింపవచ్చును. అచట మీకు కనబడు సిద్దీ బాలుని ఏ దేశమువాడవని అడుగకుడు. అతడు హైదరాబాదువాడు. అతని తాతముత్తాతలలో కొందరు వనపర్తి బాటలపై గుర్రములు నడపినవారై యుండవచ్చును. ఏ బడిలో చదువుచున్నావని అడుగుడు. ఏ ఆట ఆడుదువని అడుగుడు. తోడి బాలునితో ఎట్లు మాటాడుదురో అట్లే మాటాడుడు.