పెనుగుమ్మడికాయలును జన్యుమార్పిడియును

విదేశములయందు ఎడ్లబండి మోయజాలనంత గుమ్మడికాయలు పండుచున్నవని విన్నవారిలో పలువురు, అవి జన్యుమార్పిడి వలన పుట్టినవని తలంతురు. ఈ తలంపు సరియైనది కాదు. అట్టి విత్తనమని చెప్పి అధిక ధరకు అమ్మజూపువారి మాట నమ్మి సొమ్ము వ్యయపఱచుటకు పూర్వము, కాయ పెరుగుటకు గల నిజమైన కారణములను రైతులు తెలిసికొనుట మేలు.

1. కాయ పెరిగిన చరిత్రము

1904వ సంవత్సరమున అమెరికాలోని సెయింట్ లూయిస్ ప్రదర్శనమునందు కెనడా రైతు విలియం వార్నాక్ పండించిన 403 పౌనుల (సుమారు 183 కిలోల) కాయ పేరొందెను. దానిని మించిన కాయ 1976 వఱకు పుట్టలేదు. పిమ్మట కెనడాలోని నోవాస్కోషియా రాష్ట్రమున విండ్సర్ గ్రామవాసియగు హోవర్డ్ డిల్ అనేక సంవత్సరములు మేలైన కాయల విత్తనములనే ఏరి నాటి, అట్లాంటిక్ జెయింట్ అను వంగడమును స్థిరపఱచెను. 2012లో కాయ బరువు 900 కిలోలు దాటెను. 2023లో కాలిఫోర్నియాయందు 1,247 కిలోలకు చేరెను. ఇదియంతయు ఏరివేత వలనను, పుప్పొడిని చేతితో కలుపుట వలనను, సేద్యపు శ్రద్ధ వలనను కలిగినదే.

2. కాయ లోపలి మార్పు

పెనుకాయల తీగెలయందు ఆకు, సాధారణపు తీగె ఆకుకంటె ఎక్కువ వేగముగా ఆహారమును తయారుచేయదని 2015లో ప్రకటింపబడిన పరిశోధనమున తేలినది. ఆకునుండి కాయకు ఆహారరసమును కొనిపోవు నాళములు మాత్రము వీనియందు విస్తారముగా పెరిగియున్నవి. దీనికి తోడు, పోటీకై పండించువారు ఒక్క తీగెకు ఒక్క పిందెను మాత్రమే నిలిపి, తక్కిన వానిని గిల్లివేయుదురు. తీగె యంతటి బలమును ఆ యొక్క కాయయే గ్రహించును.

3. జన్యుమార్పిడి చేసిన పని

జన్యువనగా జీవి లక్షణములను నిర్ణయించు సూక్ష్మాంశము. వేఱొక జీవి జన్యువును పైరులో చేర్చుటయే జన్యుమార్పిడి. గుమ్మడి జాతిలోను ఈ పని జరిగినది; కాని పరిమాణమునకై కాదు. పేనుబంక వలన వ్యాపించు వైరసు తెగుళ్లకు లొంగని చిన్నకాయల కూరగుమ్మడికి అమెరికాలో 1994లో అనుమతి లభించెను. ఆ వైరసు పైపొర జన్యువునే మొక్కలో చేర్చి దానికి రక్షణ కల్పించిరి. భారతదేశమున 2002లో బి.టి. ప్రత్తికి అనుమతి కలిగెను, 2010లో బి.టి. వంగ నిలుపబడెను. గుమ్మడిలో అట్టి వంగడము దేనికిని ఇచట అనుమతి లేదు. కావున జన్యుమార్పిడి పెనుగుమ్మడి విత్తనమని ఎవరైన అమ్మినచో ఆ మాట అసత్యమని యెఱుంగవలెను.

4. లాభనష్టములు

పెనుకాయ ప్రదర్శనమునకే గాని వంటకు యోగ్యము కాదు. దాని గుజ్జు నీరుపట్టి పీచుగా నుండి రుచి తక్కువై యుండును. ఒక్క తీగెకు సుమారు 1,000 చదరపు అడుగుల నేల విడువవలెను. చల్లని రాత్రులును, దీర్ఘమైన వేసవి పగళ్లును గల దేశములలో అది బాగుగ పెరుగును. మన యెండలకు అట్లు పెరుగదు. సంతలో గృహస్థు కోరునది ఒక కుటుంబమునకు చాలు కాయ. బెంగుళూరు సమీపమున హెసరఘట్ట ఉద్యాన పరిశోధనాలయమువారు రూపొందించిన అర్క చందన్ కాయ రెండు మూడు కిలోలు మాత్రమే తూగును.

5. విత్తనము కట్టు విధము

ఏరివేత విద్య పెనుకాయలకే గాక ఇంటి గుమ్మడికిని వర్తించును.

(అ) తెగులు లేక, కాపు నిండుగానున్న నాలుగైదు తీగెలను గుర్తింపవలెను. కాయ పెద్దదను కారణముచేత మాత్రమే తీగెను ఎన్నుకొనరాదు. రుచియు, నిలువయు, కాయల సంఖ్యయు చూడవలెను.

(ఆ) మఱునాడు విచ్చబోవు మగ, ఆడ మొగ్గల కొనలను సాయంకాలమున దారముతో కట్టవలెను. క్రింద చిన్నపిందె గలది ఆడపువ్వు.

(ఇ) తెల్లవారినతోడనే మగపువ్వును కోసి, రేకులను తీసివేసి, దాని పుప్పొడిని ఆడపువ్వు నడిమి భాగమునకు తాకించి, తేనెటీగలు పొరుగుచేని పుప్పొడిని తేకుండ ఆడపువ్వును మరల కట్టవలెను. ఆ పిందెకు గుర్తు కట్టవలెను.

(ఈ) కాయ తీగెమీదనే పూర్తిగా ముదిరిన పిమ్మట కోసి, రెండు మూడు వారములు నిలువయుంచి, గింజలను తీసి కడిగి, నీడన ఆరబెట్టి, తేమ తగులని పాత్రలో భద్రపఱచవలెను.

సంకర విత్తనముల పంటనుండి తీసిన గింజలు తల్లి లక్షణములను నిలుపవు గనుక వానిని ఈ పనికి వినియోగింపరాదు.

ఏటేట ఈ క్రమమును తప్పక అనుసరించు రైతునకు తన నేలకు తగిన విత్తనము తన యింటనే లభించును. దానికై పరుల చేతిలోని కొత్త పేరుగల పొట్లమునకు ధర చెల్లింప నక్కఱలేదు.