చండీగఢ్ క్యాపిటల్ కాంప్లెక్స్: ఉపయోగం, ప్రతీక

భవనం రూపాన్ని దాని ఉపయోగమే నిర్ణయించాలని అమెరికా వాస్తుశిల్పి లూయీ సల్లివన్ 1896లో సూత్రీకరించారు. ఆధునిక వాస్తుశిల్పానికి అదే పునాది. అంతమాత్రాన ప్రతీకలకు చోటు లేదనుకుంటే పొరపాటే. మన చండీగఢే అందుకు సాక్ష్యం.

దేశ విభజనలో లాహోర్ పాకిస్థాన్‌కు పోవడంతో పంజాబ్‌కు కొత్త రాజధాని అవసరమైంది. అలా కట్టిన చండీగఢ్‌లో వాస్తుశిల్పి లె కార్బూజియే రూపొందించిన ప్రభుత్వ భవనాల సముదాయమే క్యాపిటల్ కాంప్లెక్స్. అందులో హైకోర్టును చూడండి. గొడుగులాంటి పెద్ద కప్పు, దాని కింద గాలి ఆడే ఖాళీ, కిటికీల ముందు కాంక్రీటు తెరలు ఎండావానలను తట్టుకోవడానికే. అదే కప్పు చట్టం ఇచ్చే రక్షణకూ ప్రతీకగా నిలిచింది. నా దృష్టిలో ఉపయోగం, అర్థం విడదీయరానంతగా కలిసింది ఇక్కడే. శాసనసభ మందిరానికి విద్యుత్ కేంద్రాల కూలింగ్ టవర్ ఆకారం ఇచ్చారు. పరిశ్రమల రూపం ప్రజాస్వామ్యానికి గోపురమైంది.

ఇదే కాంప్లెక్స్‌లోని 26 మీటర్ల ‘ఓపెన్ హ్యాండ్’ స్మారకం మాత్రం పూర్తిగా ప్రతీకే. ఇవ్వడానికీ పుచ్చుకోవడానికీ తెరిచిన ఈ చెయ్యి గాలికి తిరుగుతుంది. కార్బూజియే 1965లో మరణించగా, దీన్ని 1985లో నిలిపారు.

లోపమూ ఉంది. భవనాల మధ్య విశాలమైన ఆవరణ గంభీరంగా ఉన్నా, నీడ లేక నడిచేవారికి కష్టం. అక్కడ ప్రతీకదే పైచేయి అయింది.

2016లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన కార్బూజియే కట్టడాలు 7 దేశాల్లో 17. భారత్ నుంచి ఈ కాంప్లెక్స్ ఒక్కటే.