శీతకాలమును లెక్కింపని అధిపతులు

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 27:1-44, లూకా 14:28-32



యుద్ధములనుగూర్చి మాటలాడుకొనునప్పుడు "చలి వచ్చి వారిని ఓడించినది" అను మాట మనము తరచుగా విందుము. నెపోలియనును రష్యా చలి ఓడించెననియు, హిట్లరు సేనలను మంచు ఆపెననియు చిన్ననాడే చదువుకొంటిమి. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. అయితే చలికాలము చెప్పకుండ వచ్చునది కాదు. ఏటేట అవే నెలలలో వచ్చును. మంచు ఇరుపక్షముల మీదను ఒకే విధముగా కురియును. అట్లయినయెడల అది ఒక సేనను నాశనము చేసి మరియొక సేనకు మేలెందుకు చేయుచున్నది? ఈ మాసపు పాఠములో ఈ ప్రశ్నను విచారింతము.

విశాఖలో నివసించు మనకు మంచు సంగతి తెలియదు. మన చలికాలమనగా వేకువజామున మరియొక దుప్పటి కప్పుకొనుటయే. అయినను ఈ పాఠములో ఒక భాగము మన తీరముననే జరిగినది. దాని గురుతుగా 1996లో కట్టిన విజయస్తూపము రామకృష్ణా బీచి యొద్ద నేటికిని నిలిచియున్నది. అక్కడికి చేరుటకు ముందు మనము మరి మూడు చోట్లకు పోవలెను.

1. మంచిరేవులలో జరిగిన ఆలోచన

మొదట వాక్యభాగమును చూడుడి. పౌలు ఖైదీగా రోమాకు పోవుచుండెను. గోధుమలు మోయుచున్న అలెక్సంద్రియ ఓడ క్రేతు ద్వీపములోని మంచిరేవులు అను స్థలమునకు కష్టముతో చేరెను. ఉపవాసదినము గడచిపోయెను, అనగా మన లెక్కప్రకారము సెప్టెంబరు చివరయో అక్టోబరో అయియుండును. ఆ సముద్రములో నవంబరు మొదలుకొని మార్చివరకు ఓడలు రేవులలోనే నిలిచిపోవుట ఆ దినములలో వాడుక. ఇక ముందుకు సాగినయెడల ఓడకును సరుకునకును ప్రాణములకును హాని కలుగునని పౌలు హెచ్చరించెను. అతడు నావికుడు కాడు. అయినను అప్పటికే మూడు మారులు ఓడ పగిలి శ్రమపడినవాడు (2 కొరింథీ 11:25).

శతాధిపతి అతని మాట లక్ష్యపెట్టలేదు. ఏల? మూడు కారణములు కనబడుచున్నవి. ఓడ నడుపువాడును ఓడ యజమానుడును వేరుగా చెప్పిరి. ఆ రేవు చలికాలము గడుపుటకు అనుకూలముగా లేదని ఎక్కువమంది తలంచిరి. అంతలో దక్షిణపు గాలి మెల్లగా విసరగా తమ ఆలోచన సఫలమైనదనుకొనిరి. తరువాత ఊరకులోను అను పెనుగాలి కొట్టెను. ఓడయు సరుకును పోయెను. అందులోనున్న 276 మంది దేవుని కృపవలన మెలితే ద్వీపమున ఒడ్డెక్కిరి.

పెనుగాలిని శతాధిపతి పుట్టించలేదు. అయితే ఆ గాలిలోనికి 276 మందిని తీసికొనిపోయినది అతని నిర్ణయమే. మన రేవులో వాయుగుండము వచ్చినప్పుడు ప్రమాద సూచిక ఎగురవేయుదురు. సూచిక చూచియు పడవను సముద్రములోనికి నడిపించిన సరంగు, గాలిమీద నేరము మోపగలడా? ఈ సంగతిని మనస్సున ఉంచుకొని యుద్ధముల చరిత్రకు వత్తము.

2. మాస్కో త్రోవ

నెపోలియను 1812 జూను 24న నాలుగు లక్షలకు మించిన సేనతో నీమెన్ నదిని దాటి రష్యాలో ప్రవేశించెను. కోలాంకూరు అను అతని అధికారి రష్యాలో ఫ్రెంచి రాయబారిగా కొన్ని సంవత్సరములు ఉండి వచ్చినవాడు. ఆ దేశపు దూరములనుగూర్చియు చలినిగూర్చియు అతడు చక్రవర్తిని ముందుగానే హెచ్చరించెను. నెపోలియను వినలేదు.

ఇచ్చట గమనింపవలసిన విషయమొకటి కలదు. మంచు పడకముందే ఆ సేన కరగిపోసాగెను. జూలై యెండ, ఆకలి, జ్వరములు, మేత లేక గుఱ్ఱములు చచ్చుట, సైనికులు పారిపోవుట — వీటిచేతను, బొరొదినో పోరుచేతను సేన క్షీణింపగా, సెప్టెంబరు 14న మాస్కో చేరినవారు ఇంచుమించు లక్షమంది మాత్రమే. పట్టణము తగులబడెను. రష్యా చక్రవర్తి సంధికి వచ్చునని నెపోలియను అయిదు వారములు అక్కడనే కాచుకొనియుండెను. జవాబు రాలేదు. అక్టోబరు 19న వెనుకకు బయలుదేరెను. మంచు పడగానే గుఱ్ఱములు జారి కూలిపోయెను. మంచుమీద నడచుటకు తగిన లాడములు వాటికి వేయలేదు. కోలాంకూరు మాత్రము తన అధీనములోనున్న గుఱ్ఱములకు అట్టి లాడములు ముందుగానే వేయించెను. సైన్యమంతటికిని అట్లు వేయించుట అసాధ్యమైన పని కాదు. ఆలోచించినవారు లేకపోయిరి.

నూట ఇరువది తొమ్మిది సంవత్సరముల తరువాత హిట్లరు అదే త్రోవను పట్టెను. 1941 జూను 22న ముప్పది లక్షల జర్మను సైనికులు రష్యామీద పడిరి. చలికి ముందే యుద్ధము ముగియునను ధీమాతో చలిబట్టలు సేనలో కొంతభాగమునకే సిద్ధపరచిరి. మాస్కో మీదికి తుది దాడి అక్టోబరు 2న గాని మొదలుకాలేదు. వానలకు త్రోవలు బురదయైపోయెను. పిమ్మట గడ్డకట్టు చలి వచ్చెను. డిసెంబరు 5న రష్యనులు ఎదురుదాడి ఆరంభించిరి.

అయితే చలి రష్యనులకు చుట్టమా? కాదు. దీనికి రెండేండ్లు ముందు, 1939 నవంబరు 30న, స్టాలిను చిన్న దేశమైన ఫిన్లాండుపై దండెత్తెను. తన సైన్యములోని అనుభవజ్ఞులైన అధికారులను అనేకులను అతడు 1937, 1938 సంవత్సరములలో తానే చంపించెను. అడవి త్రోవలలో బారులు తీరిన రష్యా దళములను, తెల్లబట్టలు తొడిగి మంచుమీద జారుకర్రలతో వచ్చిన ఫిన్నులు ముక్కలు ముక్కలుగా తెగవేసిరి. 1940 మార్చిలో ఫిన్లాండు కొంత భూమిని వదలుకొనవలసివచ్చెను. అయినను రష్యా పక్షమున లక్షకు మించిన ప్రాణములు పోయెను. మాస్కో యెదుట రష్యనులకు సాయపడిన చలియే, ఇక్కడ వారిని చంపెను. మారినది చలి కాదు, సిద్ధపాటు.

3. మన హిమాలయములలో

ఇది పరదేశముల సంగతి అనుకొనకుడి. 1962లో మన దేశమే ఈ శ్రమను అనుభవించెను. ఈశాన్య సరిహద్దున నామ్‌కా చూ నదియొద్దకు మన 7వ బ్రిగేడును పంపి, థగ్‌లా కొండనుండి చైనావారిని వెడలగొట్టుమని ఆజ్ఞాపించిరి. అది అక్టోబరు మాసము. మన సైనికులలో అనేకులు నూలుబట్టలతో, చాలీచాలని కంబళ్లతో అంత యెత్తున నిలిచిరి. విమానములనుండి జారవిడిచిన సామగ్రి చాలభాగము లోయలలో పడిపోయెను. ఆ స్థలము రక్షణకు తగదని అక్కడి అధికారులు చెప్పిన మాట పైవారికి రుచింపలేదు. సేనాధిపతి కౌల్ వ్యాధిగ్రస్తుడై ఢిల్లీకి చేరి, పడకమీదనుండి ఉత్తరువులిచ్చెను. అక్టోబరు 20న చైనా సేనలు విరుచుకుపడెను. ఆ బ్రిగేడు చెదరిపోయెను. దాని అధిపతి దాల్వీ పట్టుబడి, విడుదలయైన తరువాత "హిమాలయన్ బ్లండర్" అను గ్రంథములో ఆ కథ వ్రాసెను.

నవంబరు 21న చైనా తానే కాల్పులు నిలిపి వెనుకకు మరలెను. దీనికి రాజకీయ కారణములు పెక్కు కలవు. చలికి కనుమలు మూసికొనిపోయినయెడల తమ సేనకు ఆహారము చేరదనుటయు వాటిలో ఒకటని చరిత్రకారులు చెప్పుదురు. ఆ సంవత్సరము కాలమును లెక్కించినవారు వారే గాని మనము కాము.

4. విశాఖ యెదుట, 1971

అయితే మన దేశము ఆ దెబ్బనుండి నేర్చుకొనెను. పర్వత దళములు పెరిగెను; చలిబట్టలు సమకూడెను. తొమ్మిదేండ్లలో మరల పరీక్ష వచ్చెను.

ఈసారి మొదటి తప్పు పాకిస్తాను అధిపతులది. 1970 నవంబరులో బంగాళాఖాతపు తుపాను తూర్పు పాకిస్తానులో లక్షలమందిని బలిగొనెను. తుపానులెరిగిన మనకు ఆ దుఃఖము వివరింప నక్కరలేదు. సహాయము ఆలస్యమై ప్రజల మనస్సు విరిగెను. డిసెంబరు ఎన్నికలలో వారు గెలిపించిన పక్షమునకు యాహ్యాఖాన్ అధికారమియ్యక, 1971 మార్చి 25న సైన్యమును వారిమీదికే పంపెను. ఇంచుమించు కోటిమంది శరణార్థులు మన దేశమునకు వచ్చిరి.

వెంటనే యుద్ధము చేయవలెనని పలువురు కోరిరి. సేనాధిపతి మానెక్షా ఆగవలెనని ప్రధానమంత్రి ఇందిరాగాంధీకి చెప్పెను. తరువాతి సంవత్సరములలో అతడే చెప్పిన ప్రకారము కారణములివి: సేన ఇంకను సిద్ధముగా లేదు, వానలు రాగానే తూర్పు బంగాళపు నదులు సముద్రములవలె పొంగును, వేసవిలో హిమాలయ కనుమలు తెరచియుండును గనుక చైనా దిగవచ్చును. ఆ సమావేశములో ఎవరెవరు ఏమి కోరిరో చరిత్రకారులలో భేదాభిప్రాయములున్నను, ఆగుటకే నిర్ణయమైనది. ఆగస్టులో రష్యాతో ఒడంబడికయు జరిగెను. డిసెంబరు నాటికి నేల ఆరెను. కనుమలు మంచుతో మూసికొనెను. చైనాకెదురుగా నుంచిన పర్వత దళములలో కొన్నిటిని తూర్పునకు దింపుటకు వీలాయెను. ఉత్తరమునుండి చైనా వచ్చునని పాకిస్తాను ఎదురుచూచెను, రాలేదు.

ఆ యుద్ధములో మన రేవునకు భాగము కలదు. మన విమానవాహక నౌక విక్రాంతును ముంచుటకు ఘాజీ అను పాకిస్తాను జలాంతర్గామి 1971 నవంబరు 14న కరాచీ విడిచెను. అది 1944లో అమెరికాలో కట్టిన పాత ఓడ. అయినను అంత దూరము చుట్టి రాగలది వారికి అదొక్కటే. విక్రాంతు విశాఖయందే యున్నదని వారు నమ్మునట్లు తూర్పు నౌకాదళాధిపతి కృష్ణన్ ఏర్పాట్లు చేసెను. రాజపుత్ అను నౌక విక్రాంతువలె నిస్తంత్రి సందేశములు పంపెను. పెద్ద ఓడకు కావలసినంత ఆహారసామగ్రికి ఊరిలో ఉత్తరువులిచ్చిరి. నిజమునకు విక్రాంతు అండమాను దీవులలో నుండెను. డిసెంబరు 3వ తేది రాత్రి, తెల్లవారిన 4, ఘాజీ మన తీరమునకు దాపున మునిగిపోయెను. రాజపుత్ వేసిన జలాంతర బాంబులవలననని మన నౌకాదళము చెప్పును. తాను పరచిన మైనులవలననో లోపలి ప్రేలుడువలననో అని పాకిస్తాను చెప్పును. అందులోనున్న 90 మందికి పైగా నావికులలో ఒక్కడును మిగులలేదు.

డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాను సేన లొంగిపోయెను. సైనికులును ఇతరులును కలిసి సుమారు 93,000 మంది చెరపట్టబడిరి. యుద్ధము పదమూడు దినములలో ముగిసెను.

5. మనకు బోధ

ఈ చరిత్రలన్నిటిలో చలి ఎవరి పక్షమునను లేదు. అధిపతి ముందే చేసిన తప్పును అది బయటపెట్టెను. పదివేలమందితో ఇరువదివేలమంది మీదికి పోవు రాజు మొదట కూర్చుండి ఆలోచించునని ప్రభువు చెప్పెను (లూకా 14:31). నెపోలియను వెళ్లిన తరువాత ఆలోచించెను. మానెక్షా వెళ్లకముందు ఆలోచించెను.

రెండవది, హెచ్చరించువాడు ఎల్లప్పుడు గొప్పవాడు కాడు. పౌలు సంకెళ్లలోనున్న ఖైదీ. నామ్‌కా చూ యొద్ద నిజమెరిగినవారు చలిలో నిలిచిన క్రింది అధికారులు. చెప్పువాని హోదా చూచి మాటకు విలువ కట్టిన అధిపతి మోసపోవును.

మూడవది, తప్పు చేసినవాడు వేరు, వెల చెల్లించువాడు వేరు. నెపోలియను వేగముగా పరుగెత్తు బండిలో పారిసు చేరెను. అతని సైనికులు మంచులో మిగిలిరి. కౌల్ ఢిల్లీలో పడకమీద నుండెను. అతని సైనికులు కొండమీద చచ్చిరి. ఘాజీలోని నావికులు తమ ఓడను గాని తమ యుద్ధమును గాని ఎన్నుకొనలేదు. విజయస్తూపము యొద్ద నిలిచినప్పుడు మన దేశపు జయమునకు కృతజ్ఞత చూపుట న్యాయమే. ఆ యెదుటి నీళ్లలో ఇతర తల్లుల బిడ్డలును ఉన్నారని తలంచుటయు న్యాయమే.

మనలో సేనాధిపతులు లేరు. అయితే ఇంటి పెద్దలున్నారు, సంఘపెద్దలున్నారు, ఉక్కు కర్మాగారములోను రేవులోను పదిమందిచేత పని చేయించువారున్నారు, పడవ యజమానులున్నారు. మనము చేయు నిర్ణయమునకు మన క్రిందివారు వెల చెల్లింతురు. గనుక దక్షిణపు గాలి మెల్లగా విసరుచుండగానే, రాబోవు కాలమును లెక్కింతము. చిన్నవాడు చెప్పినను విందము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. శతాధిపతి పౌలు మాట వినకపోవుటకు మూడు కారణములేవి? వాటిలో ఏది మన యింట ఎక్కువగా కనబడును?

2. ఒకే చలి 1939లో రష్యనులకు కీడును, 1941లో మేలును చేసినదేల?

3. 1962కును 1971కును మధ్య మన దేశము నేర్చుకొన్నదేమి?

4. మన నిర్ణయమువలన శ్రమపడువారు ఎవరు? నిర్ణయించుటకు ముందు వారిని అడిగితిమా?