చదువు నుండి పాటకు: వాగ్గేయకారుడు రజని

'వాక్కు'ను, 'గేయా'న్ని తానే కూర్చగలవానిని మన సంగీతశాస్త్రం వాగ్గేయకారుడన్నది. పదమూడవ శతాబ్దిలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరం మాటలను మాతువనీ, స్వరరచనను ధాతువనీ వ్యవహరించి, రెండింటిలోనూ సమర్థుడైనవానికే ఉత్తమస్థానమిచ్చింది. ఈ మాటను ఇరవయ్యవ శతాబ్దిలో ఎవరికి వర్తింపజేయవచ్చునంటే, తెలుగువారికి ముందుగా తోచే పేర్లలో బాలాంత్రపు రజనీకాంతరావుగారిది ఒకటి.

ఆయన 1920 జనవరి 29న నిడదవోలులో జన్మించారు. తండ్రి వేంకటరావు, వేంకట పార్వతీశ కవులుగా ప్రసిద్ధులైన జంటలో ఒకరు. కవిత్వం ఇంటిలోనే ఉన్నది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పింగళి లక్ష్మీకాంతంగారి వంటి ఆచార్యుల వద్ద తెలుగు సాహిత్యం చదివి, 1940లో ఆనర్సు పట్టం పొందారు. అటువంటి విద్యార్థికి ఆనాడు సహజంగా కనిపించే దారి కళాశాలలో అధ్యాపకత్వం. ఆయన మాత్రం 1941లో మద్రాసు ఆకాశవాణిలో చేరారు. ఆ కేంద్రం ప్రారంభమై అప్పటికి మూడేండ్లే. తెలుగు పాటకు అక్కడ ఒక సంప్రదాయమంటూ ఇంకా ఏర్పడలేదు. వ్రాయవలసినదీ, బాణీ కట్టవలసినదీ, పాడించవలసినదీ చాలవరకు అక్కడివారే. చదువుకున్న ఛందస్సుకు స్టూడియోలో వెంటనే పరీక్ష జరిగేది: పద్యంగా నిలిచిన పాదం పాటగా నిలవకపోవచ్చును.

1947 ఆగస్టు 14 అర్ధరాత్రి ఆ పరీక్షలన్నింటిలోకీ పెద్దది వచ్చింది. స్వాతంత్ర్యఘడియను పురస్కరించుకొని మద్రాసు కేంద్రం నుండి టంగుటూరి సూర్యకుమారి గొంతున వినిపించిన 'మాదీ స్వతంత్ర దేశం' రజని రచనే, ఆయన కట్టిన బాణీయే. ఆ రాత్రి తెలుగువారిలో అచ్చులో పాట చూచి ఆనందించినవారు కాదు, చెవులతో విన్నవారే ఎక్కువ. వాగ్గేయకారుని పని అంటే ఇదే.

ప్రభుత్వోద్యోగి కనుక చలనచిత్రాలకు చేసిన పనిలో ఆయన పేరు కొన్నిచోట్ల కనిపించదు. 1945 నాటి 'స్వర్గసీమ'లో భానుమతి పాడిన 'ఓ పావురమా' వెనుక ఉన్న చేయి ఎవరిదో చాలాకాలం సామాన్య శ్రోతకు తెలియదు. చదువరులు ఇటువంటి మరుగును తేలికగా దాటిపోరాదు. పాట ప్రజలదైనప్పుడు కర్త తప్పిపోవడం మన సంగీతచరిత్రలో పాత వ్యాధి.

ఆ వ్యాధికి ఆయన వైద్యం కూడ చేయబూనినట్లు కనబడుతుంది. రేడియోలో పనిచేస్తూనే 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' రచించి 1958లో వెలువరించారు. ఈ గ్రంథానికి 1961లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. విశ్వవిద్యాలయాన్ని విడిచిన విద్యార్థి పరిశోధనను విడువలేదన్నమాట. విషయం కఠినమైనది. అన్నమాచార్యుల సంకీర్తనలు తిరుమలలో రాగిరేకులపై వేలకొలదిగా దొరికినవి. రాగం పేరు చెక్కి ఉన్నది గాని స్వరలేఖనం లేదు. మాతువు మిగిలింది, ధాతువు గాలిలో కలిసింది. కృష్ణాతీరాన మువ్వ గ్రామంతో పేరు పెనవేసుకొన్న క్షేత్రయ్య పదాలు మధుర, తంజావూరు నాయకరాజుల ఆదరణ పొంది, తమిళదేశపు గాయనీగాయకుల కంఠాలలో బ్రతికినవి. తెలుగు పదం అక్కడ నిలిచినందుననే ఇక్కడివారికి మరల చేరింది. ఇటువంటి చరిత్రను కేవల సాహిత్యజ్ఞుడు వ్రాస్తే సగమే వ్రాస్తాడు, కేవల గాయకుడు వ్రాస్తే తక్కిన సగం.

స్వీయరచనలకు కూడ ఆయన భాషాసరిహద్దులు పెట్టుకోలేదు. వంగకవి చండీదాసు కథ ఆయన చేతిలో తెలుగు సంగీతరూపకమైనది. 'శతపత్రసుందరి' ఆయన గీతాల సంపుటి. విజయవాడ, బెంగుళూరు కేంద్రాలలో బాధ్యతలు నిర్వహించి 1978లో ఉద్యోగవిరమణ చేశారు. 1981లో క్షేత్రయ్యపై ఆయన వ్రాసిన పుస్తకాన్ని సాహిత్య అకాడమీ ప్రచురించింది. 2018 ఏప్రిల్ 22న, తొంభై ఎనిమిదేండ్ల వయస్సులో, విజయవాడలో కన్నుమూశారు.