రాష్ట్రాంతర నివాసము: లాభనష్టములు

పట్టము చేతికి రాగానే మా విద్యార్థులు తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. ఇచ్చటనే యుండుట మేలా, మరియొక రాష్ట్రమునకు పోవుట మేలా? జీతమెక్కువగా నున్న చోటికి పొమ్మని చెప్పుట సులభమే. కాని జీతము ఈ లెక్కలో ఒక పద్దు మాత్రమే.

కర్నూలు వారమైన మనకు రాష్ట్రపు సరిహద్దు పటములోని గీత కాదు. తుంగభద్ర ఆవలి అలంపురము నేడు తెలంగాణలోనిది. ఆదవాని దాటిపోయిన బళ్ళారి, అది కర్ణాటక. 1953 అక్టోబరు 1వ తేదీకి పూర్వము కర్నూలు, బళ్ళారి రెండును మద్రాసు రాష్ట్రముననే యుండెను. ఆ దినమున బళ్ళారి మైసూరులో చేరెను. ఆదవాని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రమునకు వచ్చెను. అన్నదమ్ములు ఇల్లు కదలకయే రెండు రాష్ట్రములవారైరి. మా బంధువులలోనే అట్టివారు కలరు. పెండ్లి పందిటిలో అందరును దక్కనీలోనే ముచ్చటించుకొందురు. శుభలేఖ మాత్రము ఇటు తెలుగులోను, అటు కన్నడములోను అచ్చగును.

పొరుగు రాష్ట్రమునకు పోవుటలో మేలు లేదని మేమనము. రాజ్యాంగము 19వ అధికరణము దేశమున ఎచ్చటనైనను నివసించు హక్కునిచ్చినది. బెంగుళూరు, చెన్నపట్టణములలో దొరకు ఉద్యోగములు మన జిల్లాలో దొరకవు. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు. శ్రద్ధగలవానికి ఒక వేసవి చాలును. రేషను కార్డు సైతము నేడు దేశమంతట చెల్లుచున్నది.

బియ్యమునకు తొలగిన సరిహద్దు ధ్రువపత్రమునకు తొలగలేదు. చిక్కు అచ్చటనే యున్నది. 371-డి అధికరణము ననుసరించి 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు కళాశాలలలో 85 శాతము సీట్లు స్థానికులకు కేటాయించినది. అర్హత పరీక్షకు ముందు వరుసగా 4 సంవత్సరములు ఆ ప్రాంతమున చదివినవాడే సాధారణముగా స్థానికుడు. తొమ్మిదవ తరగతిలో బిడ్డను వెంటబెట్టుకొని సరిహద్దు దాటిన తండ్రికి ఈ సంగతి ఇంటరు ముగిసినగాని తెలియదు. 2014 విభజన చట్టము పాత ప్రవేశ పద్ధతిని 10 సంవత్సరములకు మించకుండ నిలిపినది; ఆ గడువును 2024తో తీరినది.

ఇంకొక ఉదాహరణము. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా బాల్యముననే బొంబాయి చేరిన ఒక తెలుగు విద్యార్థి అచ్చట వైద్యకళాశాలలో షెడ్యూల్డు తెగల సీటు కోరెను. అతని తెగ మన జాబితాలో నుండెను. మహారాష్ట్ర జాబితాలో లేదు. అట్టి హోదా రాష్ట్రము మారినప్పుడు వెంటరాదని 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మన ముస్లిములలో కొన్ని వర్గములకు 2007లో లభించిన బి.సి. ఇ వర్గీకరణయు ఈ రాష్ట్రపు జాబితాయే. బెంగుళూరులోని కార్యాలయమున ఆ పత్రము చూపి ఫలము లేదు.

కావున ఒంటరిగా నున్న యువకుడు నిస్సందేహముగా పోవచ్చును. పిల్లలు గలవాడు వారి తరగతిని లెక్కించుకొని పోవలెనని మా అభిప్రాయము. చిన్న తరగతులలోనే పోవలెను, లేదా ఇంటరు పిదప పోవలెను.

భాష సంగతి వేరు. తమిళనాడు 2006లో, కర్ణాటక 2015లో, తెలంగాణ 2018లో తమతమ భాషలను పాఠశాలలలో తప్పనిసరి చేయుచు చట్టములు చేసినవి. అది వారి హక్కు, దానిని మేము తప్పుపట్టము. అయితే ఉర్దూ, తెలుగు రెండును ఇంటనే నేర్పవలసిన భారము తల్లిదండ్రులపై పడుచున్నది. బళ్ళారిలో పెరిగిన మా మేనల్లుడు కన్నడము చక్కగా చదువును, ఉర్దూ ధారాళముగా మాటలాడును. వాని తాతగారు తెలుగున వ్రాసిన ఉత్తరములను మాత్రము మొన్న రంజాను సెలవులలో మేమే చదివి వినిపించితిమి.